మెస్ గోడ మీద సిమెంటు ఊరు

ఖతార్‌లోని దుఖాన్ చమురు క్షేత్రంలో ఓబులయ్య పని గొట్టాలకు రంగులేయడం. గ్యాస్ గొట్టాలకు పసుపు, మంటలార్పే నీళ్ళ గొట్టాలకు ఎరుపు, మురుగునీటి గొట్టాలకు నలుపు, ట్యాంకులకు వెండి రంగు. టేపు అంటించి బ్రష్షు లాగాడంటే రంగు అంచు గీత గీసినట్టు నిలబడేది. ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో బండలు కొట్టే ఇంట పుట్టి, దుకాణాలకు పేర్లు రాస్తూ పెరిగినవాడు. ఖతార్‌కు వచ్చి అయిదేళ్ళయింది.

1996 చలికాలంలో కార్మికుల క్యాంప్ మెస్‌కు సున్నం వేశారు. ఒక పొడుగాటి గోడ బోసిగా మిగిలింది. మెస్ చూసుకునే అహ్మద్ అలీ కర్నూలు మనిషి. "ఓబులయ్యా, ఈ గోడ మీద మంచి జలపాతమొకటి గీయి. రెండు జింకల్ని పెట్టు" అన్నాడు.

ఓబులయ్య సరేనన్నాడు. తీరా చూస్తే స్టోర్‌లో మిగిలినవి గొట్టాల రంగులే. ఆకుపచ్చ చుక్కయినా లేదు. పైగా అతను జలపాతాన్ని కళ్ళతో చూసింది లేదు. కాసేపు గోడ ముందు నిలబడి, తెలిసిందే మొదలుపెట్టాడు. నిలువుగా రెండు పొగగొట్టాలు, పక్కన గుండ్రటి సిమెంటు గోదాములు, వాటి మధ్య ఏటవాలుగా సున్నపురాయి మోసే బెల్టు, కింద నల్లటి నాపరాతి పొలాలు. నీడలు కూడా కత్తితో కోసినట్టు తిన్నగా వచ్చాయి. తన చిన్నతనంలో జొన్నచేలున్న చోట ఫ్యాక్టరీ లేచిన ఊరది. మూడు శుక్రవారాలు గీశాడు.

అహ్మద్ అలీ చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏందిది సామీ! జింకల్ని పెట్టమంటే గొట్టాలు పెట్టినావు? తినేకొచ్చినోళ్ళకు మళ్ళా డ్యూటీనే సూపిస్తావా?"

"ఇది మా ఊరు భాయ్."

"ఊరైతే చెట్టేదే?" అన్నాడు గదిలో అతని పక్క మంచం నర్సింలు. కరీంనగర్ వాడు. "మనిషి గూడ లేకపాయె. అందరు దుబాయ్ పోయిండ్రా ఏంది?"

మెస్ అంతా నవ్వింది. వచ్చే శుక్రవారం తెల్లరంగు కొట్టెయ్యాలని తీర్మానమైంది. ఓబులయ్య ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఆ మధ్యలోనే బర్నెట్ అనే అమెరికా ఇంజనీరు వంటగది తనిఖీకి వచ్చాడు. గోడ చూసి ఆగిపోయాడు. వేలితో పొగగొట్టాలు చూపిస్తూ ఏదో అడిగాడు. అహ్మద్ అలీ కంగారుగా ఓబులయ్యను పిలిపించాడు.

"వాళ్ళ ఊరు నీకెట్ల తెలుసని అడుగుతాండాడు."

"ఆయన ఊరా? ఇది ఎర్రగుంట్ల కదా!"

బర్నెట్ నవ్వి, మర్నాడు ఒక పాత కార్డు తెచ్చాడు. ఒహాయోలో ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన తన ఊరిని, అక్కడి చిత్రకారుడొకడు ఎప్పుడో గీసిన బొమ్మ. దానిలోనూ నిలువు గొట్టాలు, చదునైన గోడలు, తిన్నని నీడలు. అసలు బొమ్మ ఊరి లైబ్రరీ గోడకు ఉండేదని, దాని కిందే కూర్చుని చదువుకున్నానని చెప్పాడు.

ఓబులయ్య కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంట్లో గూడ మనుషుల్లేరే. నాకైతే మనుషుల్ని గీసేకి రాదు. ఆయప్పకు గూడ రాదేమో అడుగు భాయ్."

అహ్మద్ అలీ హిందీలోనూ ఇంగ్లీషులోనూ కలిపి అడిగితే, బర్నెట్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళు చూశాను గానీ నాకా అనుమానమే రాలేదన్నాడు. గోడ జోలికి పోవద్దని చెప్పి వెళ్ళాడు.

నర్సింలు మాత్రం వదల్లేదు. "గొట్టాలు గీసినోడివి, కాళ్ళూచేతులు గీయలేవా? నన్ను గీయి, నేను కదలకుంట నిలబడ్త."

మొదట ఓబులయ్య తన భార్య గంగరత్నను ఫ్యాక్టరీ గేటు దగ్గర క్యారియర్‌తో నిలబెట్టాడు. పసుపు అప్పటికే అయిపోయింది, చీరకు మిగిలింది ఎరుపే. తర్వాత నర్సింలు బొమ్మలోకి సైకిల్ మీద వచ్చాడు, మెడ కాస్త వంకరగా. అది చూసి క్యాంప్‌లో వాళ్ళంతా వరస కట్టారు. నేపాలీ వెల్డర్ బెల్టు పక్కకెక్కాడు, మలయాళీ క్లర్కు గొడుగుతో వచ్చాడు. కరీంనగర్, కేరళ, నేపాల్ అన్నీ ఎర్రగుంట్ల గేటులోకి చేరిపోయాయి.

చివరికి అహ్మద్ అలీ గొంతు సవరించుకున్నాడు. "అందరినీ పెడితివి. నేను కనపడ్లేదా నీకు?"

"నీకు గోదామంత జాగా పెట్టినా భాయ్, ఆ పొట్టకు సరిపోవల్ల కదా!"

బర్నెట్ దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు, ప్లైవుడ్ పలక మీద ఆయన ఊరిని గీసి ఇచ్చాడు ఓబులయ్య. వీధి దాటే ఒక ఆడమనిషిని కూడా వేశాడు. బర్నెట్ చాలాసేపు చూసి, "మా అమ్మ" అన్నాడు.

మెస్ గోడ ఫోటో ఊరికి చేరింది. నెల తర్వాత గంగరత్న మాట్లాడిన క్యాసెట్ వచ్చింది. నర్సింలు టేపురికార్డర్ పెట్టాడు.

"ఫోటో అందరికీ సూపిచ్చినా. బాగుంది. నేనట్లా ఎర్రచీర ఎప్పుడు కట్టినానో సెప్పు? అది ఎవురు?"

ఓబులయ్య తల పట్టుకుంటే, గదిలో నవ్వులు ఆగలేదు.