మందున్న రక్తం

పొద్దుగూకేటప్పుడు వికారాబాద్‌ల తాండూరు మీదికెళ్లి కర్ణాటక పోయే రైలుబండి ఎక్కిన. ఎదురు సీట్ల ఒక పెద్దాయన గొంగడి కప్పుకొని వణుకుతున్నడు. జేబులకెళ్లి ఒక గోలీ తీసి, నీళ్లు లేకుండనే మింగిండు. ఎప్పుడో కాలు పుండుకు డాక్టర్ రాసిచ్చిన యాంటీబయాటిక్‌ అట. మిగిలినవి దాచుకున్నడు. ఏ జ్వరమొచ్చినా ఆయనకు అదే మందు.

ఆయన ముంజేతి మీద దోమ వాలింది. కొట్టబోతే నా చెయ్యి ఆపిండు.

"తాగనియ్యి బిడ్డా. మందున్న రక్తం, తాగి అదే సస్తది."

దోమల కడుపులు కోసి చూసే ల్యాబ్‌ల పని నాది.

"సావదు కాకా. దాని కడుపుల మలేరియాను ఆపే సూక్ష్మజీవులు కొన్ని ఉంటయి. నీ గోలీకి సచ్చేటియి అవి. నీది మలేరియా అయితే, గా దోమల ఇంకింత పెరుగుతది. జర రక్తం పరీక్ష చేయించుకో" అన్న.

ఆయన నవ్వి కండ్లు మూసుకున్నడు. దోమ ఎర్రగ ఉబ్బేదాకా తాగి, బరువుగ లేచి సీట్ల కిందికి పోయింది. వంగి వెతికిన, దొరకలే.

తాండూరుల ఆయన చెయ్యి పట్టుకొని దింపిన. చెయ్యి కాలుతున్నది. "పొద్దుగాల దవాఖానకు పోత తియ్యి" అన్నడు.

నిండుగ మనుషులున్న బండి కర్ణాటక దిక్కు కదిలింది. మేమిద్దరం దిగినం. దోమ దిగలే.