సునీత టీచర్ నోటిమంట

2021లో, కరోనా రెండో విడత సద్దుమణిగి బడులు మళ్ళీ తెరిచిన రోజుల్లో, సూర్యాపేటలోని నా పళ్ళ దవాఖానకు సునీత టీచర్ వచ్చింది. డెంటిస్టుగా నేను ప్రాక్టీసు పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. ఆమె చివ్వెంల అవతల ఒక ఊళ్ళో ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పేది. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది.

తన పిల్లల పాలపళ్ళు తీయించడానికి అంతకుముందు చాలాసార్లు వచ్చింది కాబట్టి నాకు బాగా తెలుసు. ఎప్పుడొచ్చినా తిండి గురించే మాట. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఏదో ఒక కొత్త దేశం వంట మొదలుపెట్టేది. థాయిలాండ్ వాళ్ళు చేసినట్టు పచ్చి బొప్పాయి తురుమును మిరపకాయలతో రోట్లో దంచేది. మెక్సికో రొట్టెల్లో రాజ్మా కూర పెట్టి చుట్టేది. ఒకసారి క్యాబేజీతో కొరియా పచ్చడి చేసి మా ఇంటికీ ఒక సీసా పంపింది. ఆ కారానికి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. క్లాసులో ఏ దేశం పాఠమైనా అక్కడివాళ్ళు ఏం తింటారో చెప్పి మొదలుపెట్టేదట.

అలాంటి మనిషి ఆరోజు కుర్చీలో కూర్చుని, "కారం తిననిస్తలేదు సార్ నోరు. పచ్చిపులుసు గూడ మండుతున్నది," అంది.

నోట్లో పుండు లేదు. బుగ్గల లోపల కొంచెం తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం తక్కువేమో అనుకున్నాను. "అన్ని దేశాలు తిప్పిండ్రు గద టీచర్, నోటికి జర రెస్ట్ ఇయ్యుండ్రి," అన్నాను. ఆమె నవ్వింది. బి కాంప్లెక్స్ మాత్రలు, పూసుకునే జెల్ రాసిచ్చి, కారం మానేయమన్నాను.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. కారం ఇష్టంగా తినే మనిషికి ఉన్నట్టుండి నోరు మండడం మొదలైతే, డెంటిస్టు ముందుగా అనుమానించాల్సిన జబ్బుల్లో సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఒకటి. వక్క నమిలేవాళ్ళకు వస్తుంది. నోటి లోపలి పొర మెల్లగా గట్టిపడి, నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. అనుమానం తీర్చుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. పేషెంటు తన మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెడితే నోట్లో పట్టాలి. దీన్ని మౌత్ ఓపెనింగ్ చూడటం అంటాం. ఆ తర్వాత వక్క, గుట్కా అలవాటుందా అని అడగాలి. ఆటో నడిపేవాళ్ళను, మార్కెట్ హమాలీలను నేను కుర్చీలో కూర్చోబెట్టకముందే అడిగేవాణ్ణి. సునీత టీచర్‌ను అడగలేదు. ఆడమనిషి, పైగా టీచర్. అడగాలన్న ధ్యాసే నాకు రాలేదు.

ఆమె నా మాట విని కారం మానేసింది. కారం తగలకపోతే మంట తెలియదు. నెల తర్వాత బజార్లో కనిపించి, ఇప్పుడు బాగుందని చెబితే నేను సంతోషించాను కూడా.

ఏడాదిన్నర గడిచాక ఆమెను భర్త ప్రభాకర్ తీసుకొచ్చాడు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో సూపర్‌వైజర్ ఆయన, తక్కువ మాట్లాడే మనిషి. కోదాడలో చుట్టాల ఫంక్షన్‌కు వెళ్ళి పానీపూరీ తినబోతే అది ఆమె నోట్లో పట్టలేదని చెప్పాడు. మొదట అందరూ నవ్వారట.

వేళ్ళు పెట్టమన్నాను. ఒక్క వేలు పట్టింది, రెండోది పట్టలేదు. బుగ్గల లోపల తడిమితే తాళ్ళలాగా గట్టిగా తగిలాయి. ఎడమవైపు చివరి పన్ను వెనక పుండు. దాని అంచులు గట్టిపడి ఉన్నాయి.

ప్రభాకర్‌ను బయట కూర్చోమని చెప్పి, వక్క సంగతి అప్పుడు అడిగాను. ఆమె కొంగు సవరించుకుంది.

"తీపి వక్కపొడి సార్. బస్సుల వాంతికొస్తదని మొదలువెట్టిన. తర్వాత పీరియడ్‌కో పొట్లం అయింది. గుట్కా తినొద్దని పిల్లలకు నేనే చెప్త. ఇది గుట్కా కాదు గద అనుకున్న."

తొమ్మిదేళ్ళుగా తింటోందట. ఇంట్లో ఎవరికీ తెలియదు.

హైదరాబాద్ పంపాను. పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. దాన్ని బయాప్సీ అంటారు. నేను భయపడిందే నిజమైంది. ఆపరేషన్ చేసి ఎడమ దవడలో కొంత తీసేశారు. రేడియేషన్ ఇచ్చారు.

తిరిగొచ్చాక చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. జావ, మిక్సీలో మెత్తగా కొట్టిన అన్నం తప్ప ఏదీ దిగడం లేదు. మాట ముద్దగా వస్తోంది. ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంటే గాని అర్థం కాలేదు.

"మా ఆయన ఇంట్ల మిరపకాయ బంద్ జేసిండు సార్. పోపు వాసన గూడ లేదు. ఆయనను, పిల్లలనన్న తినమని జర చెప్పుండ్రి."

ప్రభాకర్‌కు చెప్పాను. తల ఊపాడు గాని, ఆమె ఎదురుగా తినడం ఆయన వల్ల కాలేదు. మరుసటి ఏడు వానాకాలంలో జబ్బు మెడలోకి తిరగబెట్టింది. దసరా సెలవులు ఇవ్వకముందే ఆమె పోయింది. నలభై నాలుగేళ్ళు.

కొన్ని వారాలకు ప్రభాకర్ ఒక్కడే దవాఖానకు వచ్చాడు. పన్ను నొప్పేమో అనుకుని కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మొదలు వచ్చిన్నాడే సూసుంటే తెలుస్తుండెనా సార్?"

తప్పించుకోవడానికి నా దగ్గర మాటలున్నాయి. ఆమె అలవాటు దాచింది. ఈ జబ్బు ఎవరిలో ఎటు మారుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అవన్నీ నిజాలే.

"తెలుస్తుండె," అన్నాను. "వక్క బంద్ చేయిస్తుంటి. మూణ్ణెల్లకోసారి పిలిచి సూస్తుంటి. బతుకుతుండెనో లేదో చెప్పలేను గాని, తెలుస్తుండె."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "మీరు అబద్ధం చెప్తరనుకున్న సార్. చెప్పినా మంచిగుండేది," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన గాని, పిల్లలు గాని మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

ఇప్పుడు నేను ఎవరొచ్చినా మూడు వేళ్ళు పెట్టించి చూస్తాను, వక్క గురించి అడుగుతాను. మొన్న ఒక పెద్దావిడ, నేను అట్లాంటిదాన్ననుకున్నవా అని లేచి వెళ్ళింది. వెళ్ళనీ. సునీత టీచర్ వల్ల నేను కొత్తగా నేర్చుకున్నదంటూ ఏమీ లేదు. ఇదంతా బీడీఎస్ చదివేటప్పుడే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.