కాలిన చెయ్యి, కాలలేదన్న మాట

మా వేములపల్లిలో అమ్మవారి కథ చెప్పే పెద్దాయన మొన్న మంగళవారం మిర్యాలగూడ దవాఖానాలో కన్నుమూశాడు. నేను కోదాడలో కూతురింట్లో ఉన్నాను. ఫోన్ చేసినవాళ్లు "దేవుడసొంటి మనిషి పోయిండు" అన్నారు. చచ్చినవాళ్లంతా దేవుళ్లే. నేను మాత్రం ఆయన్ని నలభై ఏళ్లు అనుమానించాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా మాటను నున్నగా చేయొద్దని దానికి ముందే చెప్పాను.

కథకు ముందు, తాను వాయించే జమిడిక తోలు బిగియడానికి ఆయన మా పొయ్యి దగ్గరికే వచ్చేవాడు. సెగకు దాన్ని తిప్పుతూ నా చేతి ఉల్లిగడ్డ, జొన్నరొట్టె తినేవాడు. ఆయన చెప్పే కథలో, అమ్మవారు మనిషిగా ఉన్నప్పుడు ఆమె మీద దొంగతనం మోపారట, ఆమె అరచేతిలో నిప్పు పట్టుకుంటే అది పువ్వయిందట. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

"మామా, మూడు పూటలు పొయ్యి కాడ చేతులు కాలుతున్నయ్. మేమంతా దొంగలమేనా?" అని అడిగాను.

"కథను కథ లెక్క ఇను బిడ్డా, కూర లెక్క కలపకు" అని నవ్వాడు.

ఆ కథే నా మీదికి వచ్చింది. ఒక బోనాల పండుగ మర్నాడు అమ్మవారి ముక్కుపుడక కనబడలేదు. గుడి ఊడ్చింది నేను. మొగుడు పోయి ఏడాది, ముగ్గురు పిల్లలు. ఇంకేం కావాలి ఊరికి? తడిబట్టలతో నిలబెట్టి అరచేతిలో కర్పూరం వెలిగించారు. గుడ్డ కట్టి, మూడోనాడు అమ్మవారి కథ చెప్పే ఆయనే విప్పి చూడాలి. బొబ్బ ఉంటే దొంగ, ఊళ్లో ఉండనివ్వరు.

మూడోనాడు విప్పాడు. రేగుపండంత బొబ్బ. ఆయన చూశాడు, నేనూ చూశాను. చప్పున పిడికెడు పసుపు అద్ది, నా వేళ్లు తానే ముడిచి, "మచ్చ లేదు! అమ్మ ఒప్పుకున్నది" అని అరిచాడు.

నేను బతికిపోయాను. అనుమానం మాత్రం ఆనాడే పుట్టింది. దేవత పేరు మీద అంత అబద్ధం ఎందుకాడాడు? పుడక తానే తీశాడా? లేక నన్ను నమ్మాడా? తర్వాత ఒకసారి పొయ్యి దగ్గర నిలదీశాను.

"మామా, నేను దొంగనా కాదా? నువ్వేమనుకున్నవ్?"

"అమ్మనే ఒప్పుకున్నది గద."

"అమ్మ సంగతి అడగలే. నీ సంగతి చెప్పు."

"జర ఆ రొట్టె తిప్పు, మాడుతుంది" అన్నాడు. అంతే.

ఆ మరుసటేడు అమ్మవారు తన కలలోకి వచ్చి ఇక కర్పూరం పరీక్ష వద్దన్నదని చాటాడు. ఊరు చెంపలేసుకుంది. ఆ తర్వాత ఏ ఆడదాని చెయ్యీ కాలలేదు. నేను ఆ కలనూ నమ్మలేదు.

మొన్న ఫోన్ రాగానే ఊరికి వచ్చి, శవం దగ్గర ఆయన భార్య పక్కన కూర్చున్నాను.

"అత్తా, మామకు నిజంగ కల వచ్చిందా?"

"ఏం కల? పండితే పీనుగే. గురక తప్ప ఇంకేం రాకపోతుండె" అంది ముసలమ్మ, ఏడుపులోనే నవ్వుతూ. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, ఇగ దాచుడెందుకు? పుడక నువ్వే తీసినవనుకున్నడు. సచ్చేదాక గట్లనే అనుకున్నడు."

నేను చెయ్యి లాక్కున్నాను. "మరెందుకు కాపాడిండు?"

"నేనూ అడిగిన. 'అమ్మకు ఇంకో పుడక వస్తది, ఆ పిల్లలకు ఇంకో తల్లి వస్తదా' అన్నడు."

దొంగననుకుంటూనే నా రొట్టె తిన్నాడు. దొంగననుకుంటూనే నన్ను కాపాడాడు. దండం పెట్టాలో తిట్టాలో తెలియక పాడె వెనక నడిచాను. మధ్యదారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఉంటే లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, కొడుకు వంగి "నాయనా" అని పిలిచి లేచాడు. నేను మగవాళ్లను తోసుకుంటూ వెళ్లి ఆ చెవి దగ్గర కూర్చున్నాను.

"మామా, నేను తియ్యలే" అన్నాను. డప్పులు ఆగాయి. ఎవరో నా భుజం పట్టి లాగుతున్నారు. "నేను తియ్యలే" అని మళ్లీ అన్నాను. ఆయన ముఖం మీది బంతిపూల మీద ఈగ వాలితే తోలాను. ఇంకోసారి చెప్పాల్సింది మిగిలే ఉంది, వంగాను.