ఒక తూరి నడిచి సూడమ్మా

మా మేస్త్రి పోయారన్న కబురు నాకు పుత్తూరులో, ఒక ఇంట్లో నిచ్చెన మీద నిలబడి ఉండగా అందింది. జేబులో సెల్లు మోగితే తీశాను. విన్నాను. విని, నేను బిగిస్తున్న ట్యూబులైటుకు మిగిలిన రెండు స్క్రూలు బిగించాకే కిందికి దిగాను. సంగతి చెప్పాక ఆ ఇంటివాళ్లు నన్ను రాతిమనిషి అనుకుని ఉంటారు. సగంలో వదిలేసిన పని చూస్తే మేస్త్రికి ఒళ్లు మండేది. అందుకని బిగించాను. ఆయన ఇంట్లోనే నేను వదిలేసిన పని ఒకటి ఉందన్న సంగతి తిరుపతి బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది.

నాకు కరెంటు పని నేర్పింది ఆయనే. ఐటీఐ పూర్తిచేసి, పెళ్లి కూడా చేసుకుని ఆయన దగ్గర చేరాను. సర్టిఫికెట్టు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూశారు. "శానా బాగుండాదప్పా. తడవకుండా పెట్టుకో" అని నా చేతికి సుత్తి ఇచ్చారు. ఆ తర్వాత ఎవరూ నన్ను ఆ సర్టిఫికెట్టు అడగలేదు.

తిరుపతి పాత వీధుల్లో ఇళ్లు రైలుపెట్టెల్లా ఉండేవి. వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా రెండున్నర అడుగుల నడవ. అందులోనే చెప్పులు, సైకిలు, నీళ్ల బిందెలు. అలాంటి ఇంట్లో మీటరుకు చోటు వెతకడమంటే ఇంటివాళ్ల జానెడు బతుకులో వేలెడు లాక్కోవడమే. మేస్త్రి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. పెట్టి, సుత్తి తీసేవారు కాదు. ఇంటి ఆడమనిషిని పిలిచేవారు.

"బిందె నెత్తిన పెట్టుకోని ఒక తూరి నడిచి సూడమ్మా."

ఆమె నవ్వు ఆపుకుంటూ నడిచేది. బిందె పట్టుకున్న చేతి మోచెయ్యి గుర్తుకు తగిలిందా, మేస్త్రి ఆ గుర్తును అరచేత్తో తుడిచేసి ఇంకోచోట వెతికేవారు. ఒక ఇంట్లో నాలుగుసార్లు తుడిచారు. ఆ ఇంటాయనకు విసుగొచ్చి, "మీటరు పెట్టను వచ్చినావా, పెళ్లిచూపులకు వచ్చినావా మేస్త్రీ, నడిపించి నడిపించి సూస్తాండావు?" అన్నాడు.

మేస్త్రి నవ్వలేదు. "నీకేమప్పా, చేతులూపుకుంటా వస్తావు, పోతావు. మోసేది ఆ యమ్మ గదా" అన్నారు.

పనిలో ఉన్నంతసేపు మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. ఎవరైనా కాఫీ తెస్తే, "లైటు వెలగనీ తల్లీ, ఆ వెలుతుర్లో తాగుదాం" అనేవారు. గ్లాసు పట్టుకుని బల్బు కింద నిలబడి, మెల్లగా, చివరి చుక్క దాకా తాగేవారు. నాకు అప్పుడు ఇదంతా చాదస్తంగా ఉండేది.

తర్వాత చక్రం తిరిగే పాత మీటర్లు తీసేసి, అంకెలు వెలిగే కొత్త మీటర్లు పెట్టే రోజులొచ్చాయి. అప్పటికే మేస్త్రికి చేతులు వణుకుతుంటే పని మానేశారు. నేను ఒక కాంట్రాక్టరు కింద ఇంటింటికీ తిరిగి మీటర్లు మార్చేవాడిని. కొత్త మీటరు కప్పు దగ్గర ఉండకూడదు, రీడింగు తీసే మనిషికి నిలబడితే కనబడాలి అన్నారు. అలా తిరుగుతూ ఒకరోజు మేస్త్రి ఇంటికే వెళ్లాను.

పాత మీటరును ఆయనే ఎవరికీ అడ్డం లేకుండా పైన పెట్టుకున్నారు. కొత్తదానికి రెండు చోట్లున్నాయి. ముందుగదిలో పెడితే గోడ తొలిచి వైరు లాగాలి, పూట పడుతుంది. నడవ మధ్యలో అయితే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు పక్కనే ఉంది. మేస్త్రి నడవ చివర కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో సుద్దముక్క ఉంది. ఆయన ముందే చెప్పి ఉంచారేమో, ఆయన భార్య, నేను అమ్మా అని పిలిచే ఆవిడ, అప్పటికే ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని వంటింటి గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంది.

నేను నడవ మధ్యలో డ్రిల్లింగు మిషను ఆనించి, "పక్కకుండమ్మా, దుమ్ము పడతాది" అన్నాను.

ఆమె బిందె దించింది. మేస్త్రి సుద్దముక్కను చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఈడేనా అప్పా?" అన్నారు అంతా అయ్యాక.

"ఇప్పటికి ఇట్ల ఉండనీ మేస్త్రీ. తీరుబడిగా వచ్చి మారస్తా."

"సరేలే. లైటు వెలిగింది గదా, కాఫీ తాగి పో."

ఇంకా ఆరిళ్లున్నాయని చెప్పి వచ్చేశాను.

ఆ తీరుబడి నాకు నాలుగేళ్లు దొరకలేదు. మధ్యలో చాలాసార్లు వెళ్లాను. అమ్మ వీధి కొళాయి నుంచి నీళ్లు తెస్తూ మీటరు దగ్గరకు రాగానే పక్కకు తిరిగి, మోచెయ్యి లోపలికి లాక్కుని దాటేది. చూసేవాడిని. సీలు వేసిన మీటరు కదపాలంటే ఆఫీసులో అర్జీ పెట్టాలి కదా, వచ్చే నెల చూద్దాం అనుకునేవాడిని. మేస్త్రి ఒక్కసారీ గుర్తుచేయలేదు. తిట్టి ఉంటే మర్నాడే మార్చేవాడినేమో. ఎవరైనా వస్తే మాత్రం నన్ను చూపించి, "మా ఇంటి మీటరు ఈ యప్పే పెట్టినాడు" అనేవారు. అది మెప్పో, దెప్పో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు సిగ్గుగా ఉంది. ఆ మాట చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజు బస్సు దిగి వెళ్లాక, ఆయన్ను మోసుకుని బయటికి తెచ్చేటప్పుడు ఆ నడవలో మేము కూడా పక్కకు తిరగాల్సి వచ్చింది. నా భుజం మీటరుకు గీసుకుంది.

కర్మ అయ్యాక అర్జీ పెట్టాను. లైన్‌మన్ వచ్చి సీలు తీశాడు. ముందుగది గోడ తొలిచి, వైరు లాగి, మధ్యాహ్నానికి మీటరు అక్కడికి మార్చాను. నడవలో పాత చిల్లులకు సిమెంటు పూశాను. లైటు వెలిగింది. అమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, ఆ ఇంట్లో మొదటిసారి ఆ మాట అన్నాను.

"ఒక తూరి నడిచి సూడమ్మా."

ఆమె బిందె తీసుకుని వీధిలోకి పోయింది. నీళ్లు పట్టుకుని, నెత్తిన పెట్టుకుని వచ్చింది. నడవలో ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. గోడ మీద ఇంకా ఆరని సిమెంటు మచ్చలు నాలుగున్నాయి. వాటి దగ్గరకు రాగానే అమ్మ పక్కకు తిరిగింది. మోచెయ్యి లోపలికి లాక్కుని, జాగ్రత్తగా దాటింది.

"బాగుండాదప్పా, తగల్లేదు" అంది.