బోరబండకు చేరిన సహాయం

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, ఒక ఎండాకాలంలో, గచ్చిబౌలిలో మా కంపెనీ నన్ను ఒక కొత్త ప్రాజెక్టుకు టెస్ట్ మేనేజరుగా వేసింది. ప్రోగ్రాం రాసేవాళ్లు బ్రహ్మాండంగా ఉందన్నదానిలో తప్పులు వెతకడమే టెస్ట్ మేనేజరు పని. మాది కడప. తప్పులు వెతకడం మా ఇంట్లో జీతం లేకుండానే నేర్పారు.

నడిరోడ్డు మీద కారు ఆగిపోయినవాళ్ల కోసం తయారైన యాప్ అది. బటన్ నొక్కితే మనం ఎక్కడున్నామో అదే కనుక్కుని, ఆగిన కారును లాక్కెళ్లే టోయింగ్ బండి దగ్గరలో ఉంటే దానికి కబురు పంపుతుంది. చోటు దొరక్కపోతే మెకానిక్ మనకు ఫోన్ చేసి అడుగుతాడు. ఇంతే సంగతి. కానీ చీకట్లో పిల్లలతో కారులో కూర్చున్న మనిషికి ఆ బటనే దిక్కు.

పరీక్షలకు నేను ఫోన్లు అడిగాను. మా డెలివరీ హెడ్ ప్రసాద్ గారు మ్యూజిక్ ప్లేయర్లు తెప్పించారు. డెలివరీ హెడ్ అంటే గడువులోగా సరుకు అప్పజెబుతానని క్లయింటుకు మాటిచ్చే అధికారి. ఆ మాట నిలబెట్టడం కోసం రాత్రులు మేలుకునేది మేము. ఆ రోజుల్లో ఫోన్ తయారుచేసిన కంపెనీయే అదే అచ్చులో టచ్‌స్క్రీన్ ప్లేయర్ కూడా అమ్మేది. పక్కపక్కన పెడితే అదే తెర, అవే యాప్‌లు. ప్లేయర్ ఇంకా పలచన, తేలిక, చవక. లేనివేమో పైకి కనబడవు. సిమ్ లేదు, చెవికి ఆనించుకునే స్పీకర్ లేదు, ఉపగ్రహాల సాయంతో చోటు కనిపెట్టే జీపీఎస్ లేదు.

"రెండూ అన్నదమ్ములేనండీ మేడమ్. తమ్ముడికి మాట రాదు, అంతేగా," అన్నారు ప్రసాద్ గారు. ఆయనది భీమవరం. ఎంత అన్యాయమైన మాటనైనా 'అండీ' తగిలించి మర్యాదగా అనగలరు.

ఆఫీసులో ప్లేయర్ల మీద యాప్ చక్కగా నడిచింది. అదే నా భయం. మా భవనంలో అడుగడుగునా వై-ఫై పెట్టెలే. ఏ పెట్టె ఎక్కడుందో ముందే నమోదై ఉంటుంది కాబట్టి, ఆ సిగ్నల్ చూసి ప్లేయర్ తన చోటు ఠక్కున చెప్పేసేది. రోడ్డు మీద ఆ పెట్టెలు ఎవరు పెడతారు? నేను సైన్-ఆఫ్ ఇవ్వనన్నాను. సైన్-ఆఫ్ అంటే, ఈ సరుకుకు నాదీ పూచీ అని సంతకం పెట్టడం. అది లేనిదే యాప్ గడప దాటదు.

ప్రసాద్ గారు నవ్వుతూనే చెప్పారు, శుక్రవారంలోగా సంతకం కాకపోతే నన్ను బెంచి మీదికి పంపుతారట. మా భాషలో బెంచి అంటే పని లేకుండా కూర్చోబెట్టడం. కొన్నాళ్లకు ఆ కుర్చీ కూడా ఉండదు. ఆ వయసులో నన్ను మళ్లీ ఎవరు పిలుస్తారు? ఒళ్లు మండింది, భయమూ వేసింది.

అప్పుడు నిబంధనల పుస్తకం గుర్తొచ్చింది. విడుదలకు ముందు చివరి పరీక్షను ప్రోగ్రాంతో సంబంధం లేని మనిషి, వాడుకదారుడిలాగే చేయాలని అందులో ఉంది. పరిశీలకుడు పక్కనే ఉంటాడు గానీ పరీక్ష ముగిసేదాకా ఏ సాయమూ చేయకూడదు. వాడుకదారుడి పేరు దగ్గర ప్రసాద్ గారి పేరు, పరిశీలకుడి దగ్గర నా పేరు రాసి టీమందరి ముందూ ఆయన చేతికిచ్చాను. అందరూ చూస్తుంటే వెనక్కెలా తగ్గుతారు? ఒక రోజంతా ప్లేయర్‌తోనే గడుపుతానని ఒప్పుకుని, తన ఫోన్ నా సంచిలో వేశారు.

ఆ రోజు సాయంత్రం దాకా ఆయనదే రాజ్యం. మెయిళ్లు, చాటింగ్, వీడియో మీటింగ్ అన్నీ ప్లేయర్ మీదే. మా ఆఫీసుల్లో పక్క సీటు వాళ్లతో కూడా చాటింగ్‌లోనే మాట్లాడుకుంటాం కాబట్టి సిమ్ లేని లోటు ఎవరికీ తెలియలేదు. దారిన పోతూ నా బల్ల దగ్గర ఆగి, "ఎలా ఉందండీ మా తమ్ముడు?" అని పలకరించి మరీ వెళ్లారు.

గేటు దాటనీ, చెబుతా, అనుకున్నాను. సాయంత్రం ఆఫీసు క్యాబ్ ఎక్కాం. క్యాబ్ నడిపే మల్లేశ్‌ది పాలమూరు వైపు, కాపురం బోరబండలో. పుప్పాలగూడ దగ్గర సర్వీసు రోడ్డు పక్కన బండి ఆపించాను. ప్రసాద్ గారు నా వంక చూసి కన్ను గీటినంత పని చేసి, "మల్లేశ్, నీ డాంగిల్ ఆన్ చెయ్యి," అన్నారు. ప్రయాణికుల కోసం మల్లేశ్ బండిలో డాంగిల్, అంటే ఇంటర్నెట్ ఇచ్చే చిన్న వై-ఫై పెట్టె, పెట్టుకున్న సంగతి నాకు తెలియదు. ప్లేయర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆయన బటన్ నొక్కారు. 'మీ చోటు గుర్తించాం. సహాయం బయలుదేరింది' అని తెర మీద పడింది.

నా పని అయిపోయిందనుకున్నాను. బెంచి కళ్ల ముందు కనబడింది.

కాసేపు గడిచింది. నా సంచిలో ప్రసాద్ గారి ఫోన్ మోగింది. ఆయన చెయ్యి చాపారు. "పరీక్ష నడుస్తోంది సార్," అన్నాను. అది మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఆయన నా సంచి వైపు, పాలగిన్నె మీది మూతను పిల్లి చూసినట్టు చూశారు. ఇంతలో ప్లేయర్ టింగుమంది. 'సహాయం మిమ్మల్ని చేరుకుంది.'

ముగ్గురం తలలు తిప్పి చూశాం. రోడ్డు మీద టోయింగ్ బండి కాదు కదా, మా ముందు ఒక సైకిల్ కూడా లేదు.

అప్పుడే మల్లేశ్ ఫోన్ మోగింది. అవతల వాళ్లావిడ ఏడుపు మాకూ వినబడింది. "ఏందయ్యా, ఏడున్నవ్? మనింటి ముంగట గుంజుకపోయే బండొచ్చి నిలవడ్డది! బండి ఆగిపోయినాయన ఏడని అడుగుతున్నరు. నీకేమన్న అయ్యిందా?"

"నాకేం కాలే, ఫికర్ జెయ్యకు. సార్‌తోని పుప్పాలగూడల ఉన్న," అన్నాడు మల్లేశ్. ఫోన్ పెట్టేశాక ప్లేయర్ తీసుకుని అందులో మ్యాప్ తెరిచాడు. "సార్, గిదేంది? గిది మా గల్లీ!"

జరిగింది ఇదీ. మల్లేశ్ ఆ డాంగిల్‌ను రోజూ రాత్రి ఇంటికి తీసుకెళ్తాడు. దాని మీదే ఇంటిల్లిపాదీ వీడియోలు చూస్తారు. అందుకని ఆ డాంగిల్ చోటు బోరబండ అని నమోదైపోయింది. జీపీఎస్ లేని ప్లేయర్‌కు చుట్టూ కనబడ్డ వై-ఫై అదొక్కటే. దాన్ని నమ్ముకుని, తాను బోరబండలో ఉన్నానని ధీమాగా చెప్పేసింది. యాప్‌లో ప్రసాద్ గారు ఇచ్చింది తన ఫోన్ నంబరే కాబట్టి, నా సంచిలో అది మోగేలా చేసింది ఆ మెకానికే.

ప్రసాద్ గారు ప్లేయర్ వెనక్కి తీసుకున్నారు. తెర మీద యాప్ అడుగుతోంది: 'మీకు సహాయం అందిందా?' కింద అవును, లేదు అని రెండు బటన్లు. నేను నోరు మెదపలేదు, పరిశీలకురాలిని కదా! ఆయన 'లేదు' నొక్కారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక డెలివరీ హెడ్ తన చేత్తో తప్పు నమోదు చేయడం నేను చూసింది అదొక్కసారే. లోపల నవ్వు ఆగక దగ్గు నటించాను.

ఫోన్లు సోమవారానికల్లా వచ్చాయి. విడుదల రెండు వారాలు ఆలస్యమైంది, నేను సంతకం పెట్టాను. బెంచి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ప్లేయర్లు పాటలకు బాగా పనికొచ్చాయి. బోరబండలో మల్లేశ్ వాళ్లావిడ మాత్రం ఆ మెకానిక్‌కు చాయ్ ఇచ్చి పంపిందట. ఆ సాయంత్రం సహాయం అందింది అతనొక్కడికే.

ఒక పరికరం ఏమేం చేయగలదో ఆఫీసులోనే తెలుస్తుంది. ఏం చేయలేదో రోడ్డు మీదికి తీసుకెళ్తే గానీ తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు నన్ను సంతకం తొందరగా పెట్టమన్నా వాళ్ల పేరే వాడుకదారుడి దగ్గర రాసి, బండి ఎక్కించాను. చాలామందికి ఆ రోజే కడుపునొప్పి వచ్చేది.