మాస్టారికి శిక్ష పడిన రోజు

అశోక్‌నగర్‌లో మాకు అంతర్జాతీయ చట్టం చెప్పిన మాస్టారు మొన్న పొద్దున పోయారు. కబురు అందేసరికి నేను కోర్టులో ఉన్నాను. నా కేసు పిలిచే వేళయింది. వాదన ముగించాకే ఏడ్చాను. మధ్యలో వదిలేసి వెళితే ఆయనే చీవాట్లు పెట్టేవారు.

చిక్కడపల్లిలో కూరగాయలు బేరమాడుతూ కూడా యుద్ధ నేరాల కోర్టుల గురించే మాట్లాడే మనిషి. "పైవాడు చెప్పాడు, నేను చేశాను అంటే కుదరదనీ, దేశాన్ని ఏలేవాణ్ణయినా బోనెక్కించొచ్చనీ ఎవరూ ఒక్కరోజులో రాసిపెట్టలేదమ్మా. ఒక కోర్టు తీర్పు చెప్పింది, తర్వాతి కోర్టు దానిమీద నిలబడింది. గోడ కట్టడమే ఇదీనూ, కింది వరస గట్టిగా ఉండాలి" అనేవారు.

ప్రతి బ్యాచ్‌కీ క్లాసులోనే ఒక ఉత్తుత్తి విచారణ పెట్టేవారు. సైనికులు ఊరు తగలబెట్టారు, ఆయన సేనాధిపతి, మేం ప్రాసిక్యూటర్లం. మాకు తెలిసిందల్లా బట్టీ పట్టిన పాయింట్లు, అరుపులు. "తగలబెట్టమని నేనెవరికీ చెప్పలేదు. ఆ రోజు రాజధానిలో ఉన్నాను. కోపం సాక్ష్యం కాదు నాయనా" అని మీసం దువ్వేవారు. ఏటా నిర్దోషిగా విడుదలై, నారాయణగూడలో ఓడిన బ్యాచ్ చేతే చాయ్ ఇప్పించుకునేవారు.

మా బ్యాచ్ కూడా అదే దారిలో ఉంది. అందరూ నవ్వుతున్నారు, నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. పాలమూరు నుంచి కూలికి వచ్చిన మా నాన్న పరంజా కూలిపోయి నడుము విరగ్గొట్టుకున్నప్పుడు కాంట్రాక్టర్ అచ్చం ఇలాగే అన్నాడు: "నేను ఎక్కమనలే, నాకేం తెల్వదు." అంతటితో అందరూ ఊరుకున్నారు. ఈ ఆటలో కూడా పెద్దవాడే గెలిస్తే లా మానేసి ఏ బట్టల షాపులోనో చేరిపోవాలని అప్పుడే అనుకున్నాను.

లేచాను. "సరే సార్, మీరు చెప్పలే. ఊరు కాలిందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడు."

"తెలిసినంక ఎవర్ని పట్టుకున్నరు? ఎవరికి శిక్ష ఏసిండ్రు?"

మాస్టారు మీసం మీంచి చెయ్యి తీసేశారు. "ఎవరికీ లేదు."

"అక్కడ మీ మాటే గద నడిచేది?"

"నడుస్తుంది" అన్నారు మెల్లగా. ఆ తర్వాత ఆయన ముఖం వెలిగిపోయింది. తెలిసి కూడా తన మనుషులను శిక్షించని అధికారి నేరస్థుడేనని యుద్ధ నేరాల కోర్టులు తేల్చిన సంగతి అప్పుడు వివరించి, తాను దోషినేనని ఒప్పుకున్నారు. పుస్తకంలో లేని ఈ ప్రశ్న ఎక్కడిదని అడిగితే నాన్న సంగతి చెప్పాను.

ఆదివారం ముషీరాబాద్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేశారు. "మీ అమ్మాయి నాకు శిక్ష వేయించిందండీ" అన్నారు గుమ్మంలోనే.

నాన్న హడలిపోయాడు. లేవలేక లేస్తూ చేతులు జోడించాడు. "తప్పైంది సారూ, చిన్నపిల్ల, తెల్వక ఏసింది."

నాకు నవ్వాగలేదు. మాస్టారు నవ్వుతూనే నాన్న భుజం పట్టి కూర్చోబెట్టి, తానూ పక్కన చాప మీద కూర్చున్నారు. "ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి. నేను వింటాను."

అప్పటిదాకా మా నాన్నను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆయన నా వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు.

"పొద్దుగాల వాన పడ్డది సారూ..." అని మొదలుపెట్టాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, ఆయన ముఖంలోకే చూస్తూ కదలకుండా కూర్చున్నారు.