ఒక్కసారే వినిపించిన పిలుపు

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరూ భయపడేవాళ్లు, నేనొక్కదాన్నే నవ్వేదాన్ని. ఇప్పటికీ ఉన్నాయని ఎవరితోనూ వాదించను. జరిగింది మాత్రం చెప్తాను.

నన్ను పెంచింది మా మేనత్త. ఆత్మకూరులో మాకు గొర్రెల మంద ఉండేది. మందను అదిలించీ అదిలించీ ఆమె గొంతు గరగరలాడేది. రాత్రుళ్లు మంద దగ్గరే పడుకునే మనిషి కాబట్టి నాకో కట్టడి పెట్టింది.

"ఎవలన్న పేరు వెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకే పలుకకు బిడ్డా. మనిషైతే మూడుసార్లు పిలుస్తడు. దయ్యం ఒక్కసారే పిలుస్తది, అదిగూడ ఎరుకైన గొంతుతోనే."

"దయ్యానికి అంత బద్ధకమా అత్తా?" అని ఆటపట్టించేదాన్ని.

పెళ్లయ్యాక మిర్యాలగూడలో టైలరింగ్ షాపు పెట్టాను. మేనత్త పోయిన మరుసటి ఏడు, 2013లో, ఫోన్లో సోషల్ మీడియా అకౌంట్ తెరిచి నేను కుట్టిన జాకెట్ల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాను. గిరాకీ పెరిగింది. కొలతలు, ఫోన్ నంబర్లు, జాకెట్ ఎలా కుదిరిందో చూపిస్తూ ఆడపిల్లలు పంపిన ఫొటోలు, అన్నీ ఆ మెసేజుల్లోనే ఉండేవి. నన్ను నమ్మి పంపినవి.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను ఆపి ఫోన్ తీశాను. సూర్యాపేటలో ఉండే మా చిన్నమ్మ కూతురు సునీత అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చి ఉంది. నీ ఫొటోను ఎవరో పాడుచేసి పెట్టారు చూడమని, కింద ఒక లింకు. ఇంకేమీ చూడకుండా నొక్కాను. లాగిన్ పేజీ వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. అప్పటికే లాగిన్ అయి ఉన్నదాన్ని మళ్లీ ఎందుకు అడుగుతోందని ఆలోచించే తెలివి ఆ క్షణాన లేదు. పాస్‌వర్డ్ మొత్తం కొట్టేశాను. ఇక బటన్ నొక్కడమే మిగిలింది.

"రేణుకా!"

గుమ్మం బయటి నుంచి, గరగరలాడే గొంతు.

"ఆఁ, వస్తున్న" అంటూ ఫోన్ అక్కడే పెట్టి బయటికి పరుగెత్తాను. ఎండలో నిలబడ్డాక గానీ మేనత్త చనిపోయిందన్న సంగతి గుర్తుకు రాలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. ఎవరు పిలిచారని ఎదురుగా గాజుల దుకాణం సాయమ్మను అడిగాను.

"ఎవలూ రాలే. నువ్వే వస్తున్న అనుకుంట ఉరికొచ్చినవ్" అంది.

అంతలో లోపల ఫోన్ మోగింది. సునీత, ఏడుస్తోంది.

"అక్కా, నా పేరు మీద లింకు గిట్ల వచ్చిందా? ముట్టకే. పొద్దున నేను గట్లనే పాస్‌వర్డ్ కొట్టిన. అకౌంట్ వాళ్ల చేతులకు పోయింది. ఇప్పుడు నా ఫొటోలు తీసి బెదిరిస్తుండ్రు."

అప్పుడు ఆ పేజీని నిదానంగా చూశాను. రంగు అదే, రూపు అదే. పైనున్న అడ్రసు మాత్రం వేరే. కొట్టిందంతా చెరిపేసి మూసేశాను. ఆ సాయంత్రమే సునీతను పోలీసుల దగ్గరికి పంపాం. ఇప్పుడు ఎవరి పేరుతో లింకు వచ్చినా, వాళ్లకు ఫోన్ చేసి గొంతు విన్నాకే ముట్టుకుంటాను. ఎరుకైన పేరుతో వచ్చే దయ్యాలను చూశాను మరి.

కరెంటు లేని నిశ్శబ్దంలో చెవులు మోసం చేశాయని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు. ఎంతమంది ఆడపిల్లల మానం ఆ ఒక్క కేకతో నిలిచిందో తలుచుకుంటే ఇవాళ్టికీ రెండు చేతులూ ఎత్తి మొక్కాలనిపిస్తుంది. ఎవరికి మొక్కాలో తెలియదు.

ఆ రోజు షాపు కట్టేసి కూడా చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను, మళ్లీ పిలుస్తుందేమోనని. మనిషైతే మూడుసార్లు పిలిచేది. మా మేనత్త ఒక్కసారే పిలిచింది.